బొగ్గు మీద పెట్టిన సిరా

మా బావ సదయ్యకు భయం పుట్టుకతో వచ్చింది కాదు, బాయిలో వచ్చింది. ఈ మాట ముందే చెప్పి మొదలుపెడతాను. ఎందుకంటే గోదావరిఖనిలో ఆయన పేరు ఎత్తితే చాలు, "ఆ పిరికి సదయ్యనా?" అని పళ్లికిలించేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లల్లో సగం మంది బాయి మొహం కూడా చూడనివాళ్లు. చూసినవాళ్లు అట్లా నవ్వరు.

బాయి అంటే మా దగ్గర నీళ్ల బావి ఒక్కటే కాదు, బొగ్గు గని కూడా. ఇక్కడ గనులు కొత్తగా తెరిచిన రోజుల్లో మా అక్క లస్మవ్వను పెళ్లి చేసుకుని, పెద్దపల్లి పక్క పల్లె నుంచి వచ్చి బొగ్గు నింపే పనిలో చేరాడు బావ. చెమ్మస్ అనే పారతో బొగ్గు ఎత్తి, తట్టతో మోసి, ఇనుప డబ్బాలో పోసే పని. అప్పటి బావను నేను చూశాను కదా, బజార్లో నడిచొస్తుంటే పక్కకు తప్పుకోబుద్ధయ్యేది. ఒకరోజు లోపల ఆయన కళ్ల ముందే పైకప్పు బండ కూలింది. దెబ్బ తగల్లేదు. కానీ కూలిన బండకు అవతల ఒక్కడే చిక్కుబడిపోయాడు. టోపీకున్న లైటు ఆరిపోయింది. ఆ చీకట్లో ఎంతసేపున్నాడో ఆయనకే తెలియదు. తోటి పనివాళ్లు రాళ్లు చేతులతో పెరికి, ఆ సందులోంచి చేతులు చాపి బయటికి లాగారు. ఏ చేతులు ఎవరివో కనబడలేదట, అన్నీ నల్లగానే ఉన్నాయట.

"మనిషినైతే తెచ్చిచ్చిండ్రు గనీ గుండెను ఆడనే మరిచిపోయిండ్రు" అనేది మా అక్క.

నిజమే. మళ్లీ డ్యూటీకి అని పోయేవాడు, బాయి నోటి దాకా పోయేవాడు, లోపలి గాలి మొహానికి తగలగానే కాళ్లు మడమ తిప్పేవి. చివరికి దవాఖానలో డాక్టరు పైన పనికి రాసిచ్చాడు. గని కాంటీన్‌లో చాయ్ పోసే నౌకరీ దొరికింది. షిఫ్టు దిగి వచ్చినవాళ్లు కడుక్కోకుండానే గ్లాసు అందుకునేవాళ్లు. గ్లాసు మీద నల్లగా వేళ్ల ముద్రలు పడేవి. బావ వాటిని సబ్బు పెట్టి కడిగి బోర్లించేవాడు. రోజంతా అదే పని. ఇంట్లో మాత్రం తలుపు మూయనిచ్చేవాడు కాదు. వాకిట్లో స్నానానికి కూర్చున్నా వాకిలి తడిక కొంచెం తీసి ఉండాల్సిందే. "సూడనియ్యి, ఊరంత సూడనియ్యి, నా మొగడు రంభ లెక్కనే ఉండె" అని అక్క గొణుక్కుంటూ ఆ సందుకు అడ్డం నిలబడేది.

డెబ్బై రెండులో అసెంబ్లీ ఓట్లు వచ్చినప్పుడు ఈ బండి మళ్లీ అడ్డం తిరిగింది. పైన తేలిక పని చేస్తున్నవాళ్లను లోపలికి పంపించాలని ఆర్డరు వచ్చిందని గని మీద పుకారు లేచింది. బావకు అన్నం సహించడం మానేసింది. అంతలో గని వెల్‌ఫేర్ ఆఫీసరు పిలిచి, ఓట్ల డ్యూటీకి మనుషులు చాలక సర్కారువాళ్లు అడుగుతున్నారని, చదువు వచ్చి ఇష్టమున్నవాళ్లు పేరు ఇవ్వచ్చని చెప్పాడట. బావ ఏడో తరగతి దాకా చదివాడు.

"నీ పేరు ఇయ్యి సదయ్యా. డ్యూటీ మంచిగ చేస్తే నీ కాంటీన్ సంగతి నేను చూసుకుంట. కానీ ఒక్క కంప్లైంట్ వచ్చిందనుకో, బాయిలకే. నన్ను అడగొద్దు మళ్ల."

ఆ మాటలు బావ మా ఇంట్లో నిలబడి చెప్పినప్పుడు పెదవులు తడారిపోయి ఉన్నాయి. పేరు ఇచ్చాడు. ఇష్టంతో ఇచ్చినట్టు సంతకం కూడా పెట్టాడు. ఇష్టమట, ఇష్టం! గొర్రె కసాయి వెంట నడిచిన ఇష్టం అది.

"ఓట్ల డబ్బ ఏమన్న కరుస్తదా, గంత ఫికర్ జేస్తున్నవ్?" అంది అక్క.

"అది కరువది లస్మీ. నేనే ఏదో తప్పు జేస్త. నా సంగతి నాకు తెల్వదా?"

పెద్దపల్లిలో ఒకరోజు శిక్షణ ఇచ్చారు. అక్కడ చెప్పిన వంద మాటల్లో బావకు గుర్తున్నది ఒక్కటే, తప్పు జరిగితే జైలు అని. ఆయనకు వచ్చిన పని సిరా పెట్టడం. ఎడమ చేతి చూపుడు వేలు మీద, గోరు నుంచి కిందికి, పుల్లతో ఒక గీత. అంతే పని. దానికి ఇంట్లో తాలీం మొదలుపెట్టాడు. అగ్గిపుల్లను నీళ్లలో ముంచి అక్క వేలు మీద గీసేవాడు, తుడిచేవాడు, మళ్లీ గీసేవాడు.

"నా వేలు అరిగిపోతుందయ్య! కూర ఎవడు కలుపుతడు?" అని అక్క చెయ్యి గుంజుకుంటే నా చెయ్యి పట్టుకునేవాడు. నేను వాళ్ల దగ్గరే ఉంటూ గని వర్క్‌షాపులో ఫిట్టరు దగ్గర సాయంగా చేసేవాణ్ణి. నా చెయ్యి కూడా అక్క పెట్టే సున్నిపిండితో తోముకున్న శుభ్రమైన చెయ్యే. బావ తాలీం అంతా కడిగిన చేతుల మీదే జరిగింది.

ఓట్ల రోజు మా కాలనీ బడి గదిలో పోలింగు. నేను ఒక జెండా తరఫున ఏజెంటుగా బల్ల మీద కూర్చున్నాను. ఎదుటి జెండాకు గట్టయ్య. బాయి లోపలి నుంచి బొగ్గు డబ్బాలు లాగే మిషను నడిపేవాడు. గట్టయ్యకు నాకు పొద్దున లేస్తే పలకరింపులుండేవి, ఓట్లు వచ్చాయంటే మాత్రం పామూ ముంగిసా. ఆ ముందు వారమే రెండు జెండాల వాళ్లు బజారులో కొట్టుకుంటే తలలు పగిలాయి. అందుకని ఆ రోజు గదిలో భయం లేనివాడు ఒక్కడూ లేడు. పెద్దపల్లి నుంచి వచ్చిన పోలింగు ఆఫీసరు మాటిమాటికీ కిటికీ వైపు చూస్తున్నాడు. గుమ్మం దగ్గర ఉన్నది ఒక్క పోలీసు, అతని చేతిలో ఒక్క లాఠీ.

బావ సంగతి ఇక చెప్పనక్కర్లేదు. తెల్లారకముందే వచ్చి కూర్చున్నాడు. ముందు సిరా సీసా, పుల్ల, ఒక గుడ్డ ముక్క. పోలింగు మొదలవకముందే రెండుసార్లు గోడ వెనక్కి పోయొచ్చాడు.

గని కంపెనీ ఆ రోజు సెలవు ఇచ్చింది. కానీ ముందు రోజు రాత్రి షిఫ్టు నడిచింది. ఆ షిఫ్టువాళ్లు పొద్దున పైకి రాగానే రెండు జెండాల వాళ్లూ బాయి నోటి దగ్గరే పట్టుకుని, "ముందు ఓటు, తర్వాత స్నానం, ఇంటికి పోయి పండితే మళ్ల లేవరు" అని సరాసరి బడికి తోలారు. అప్పట్లో మా దగ్గర ఎవరూ గని మీద కడుక్కునేవాళ్లు కాదు. బొగ్గు మొహంతోనే ఇంటికి పోవాలి, పెళ్లాం కాచి ఉంచిన వేణ్ణీళ్లతో వాకిట్లో పోసుకోవాలి. అదే అలవాటు. అందుకని వరసలో మొదట నిలబడ్డ వాళ్లందరికీ తెల్లగా కనబడేవి కళ్లూ పళ్లే.

మొదటి కొందరికి బావ గుడ్డతో వేలు తుడిచే సిరా పెట్టాడు. శిక్షణలో అట్లాగే చెప్పారట. రెండో వేలికే గుడ్డ నల్లబడింది. ఆ తర్వాత తుడుస్తుంటే వేలు మీది బొగ్గు పోవడం లేదు, గుడ్డది వేలికి అంటుతోంది. బావ ఇంకా గట్టిగా రుద్దాడు. వరస ఆగిపోయింది. వెనకనుంచి "జల్ది కానియ్యి, నిద్రొస్తుంది" అని కేకలు.

అప్పుడు ముత్యం వంతు వచ్చింది. రామకృష్ణాపూర్ నుంచి మా గనికి కొత్తగా వచ్చిన కూలి. పొడుగు మనిషి, నోరు అంతకన్నా పొడుగు.

"ఏంది సదన్నా, గట్ల తోముతున్నవ్? మా చేతులు నీకు అంత గలీజుగ కనబడుతున్నయా? పైన కూసోని చాయ్ పోసేటోనివి, నీకేం ఎరుక. గీ చేతులు లోపలికి పోతెనే నీ పొయ్యికి బొగ్గొస్తది."

వరసంతా గొల్లుమంది. కొందరు నవ్వలేదు, కోపంగా చూశారు. అది ఇంకా చెడ్డది. బావ మొహం బూడిదయింది. ఆ గుడ్డను మడిచి బల్ల కింద పెట్టేశాడు. ముత్యం వేలు పట్టుకుని బొగ్గు మీదనే గీత గీశాడు. గీత తడిగా ఒక్కసారి మెరిసి నలుపులో కలిసిపోయింది. ఆ తర్వాత వచ్చిన రాత్రి షిఫ్టువాళ్లందరికీ అట్లాగే పెట్టాడు. వరస చకచకా కదిలింది. ఆఫీసరు చూశాడు, గట్టయ్య చూశాడు, నేనూ చూశాను. ఎవరమూ ఆపలేదు. గలాటా లేకుండా వరస కదిలితే చాలన్నట్టు ఉన్నాం.

ఎండ ఎక్కాక మగవాళ్ల వరస పలచబడింది. బడి వెనక పొయ్యి పెట్టి కాచిన చాయ్ ఎవరో తెచ్చారు. బావ తాగి, అలవాటు చొప్పున గ్లాసు కడగడానికి నీళ్ల కుండ దగ్గరికి పోయాడు. గుడ్డ పట్టుకున్న చెయ్యి కదా, గ్లాసు మీద ఆయన వేళ్ల ముద్ర నల్లగా పడింది. నీళ్లు పోశాడు. ముద్ర జారిపోయింది. మనిషి అక్కడే నిలబడిపోయాడు. గ్లాసును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. నాకు ఏమీ అర్థం కాలేదు. నా పక్కకు వచ్చి వంగి, చెవిలో గుసగుసగా అడిగాడు.

"ఎల్లన్నా, గా సిరా ఉంటదంటవా?"

నేను చిన్నవాణ్ణయినా భయమేసినప్పుడల్లా బావ నన్ను అన్నా అనే పిలిచేవాడు.

"సర్కారు సిరా బావా. ఉండక ఏడికి పోతది?"

"బొగ్గు పోతెనో?"

"నీకు గుమ్మడికాయను చూసినా బండ లెక్కనే కనబడుతది. పోయి కూసో" అన్నాను.

పోయి కూర్చున్నాడు. ఆడవాళ్ల వేళ్లకు సిరా పెడుతున్నాడు కానీ కళ్లు గుమ్మం మీదే ఉన్నాయి. పెదవులు కదులుతున్నాయి. సమ్మక్క సారక్కలకు మొక్కుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. ఆఫీసరు దగ్గరికి పోవడానికి ఒకసారి సగం లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. చెబితే కంప్లైంటు అవుతుంది, కంప్లైంటు అయితే బాయి. చెప్పకపోతే ఎవరికీ తెలియకపోవచ్చు. సాయంత్రం దాకా గడిస్తే చాలు, డబ్బాలకు సీలు పడితే చాలు. ఆయన లెక్క అది. తప్పు పట్టేవాళ్లు ఒక్కరోజు ఆ మనిషి గుండెను తమ రొమ్ములో పెట్టుకుని తిరగాలి.

గడవలేదు. పొద్దు వాలే వేళ ముత్యం వచ్చాడు. స్నానం చేసి, ఒక నిద్ర తీసి, తలకు నూనె రాసి, తెల్లంగి వేసుకుని వచ్చాడు. వరసలో నిలబడలేదు. నేరుగా లోపలికి వచ్చి ఆఫీసరు ముందు ఎడమ చెయ్యి చాపాడు.

"సార్, పొద్దుగాల ఓటేసిన. గీ వేలు చూడుండ్రి, తానం జేస్తే సిరా పోయింది. మళ్లొకసారి పెట్టియ్యిండ్రి."

"మళ్లీ ఎందుకయ్యా?" అన్నాడు ఆఫీసరు.

"రేపు గని మీద వేళ్లు చూసి హాజరు ఏస్తరట గద సార్. సిరా లేనోనికి సెలవు జీతం రాదట."

ఎవడు పుట్టించిన పుకారో గాని కాలనీ అంతా నమ్మింది. ముత్యం వెనక గుమ్మంలో ఇంకా నలుగురైదుగురు అట్లాగే కడిగిన వేళ్లతో నిలబడి ఉన్నారు. ఆ వెనక ఇంకొందరు వస్తున్నారు.

గట్టయ్య బల్ల గుద్ది లేచాడు.

"ఆహా, ఎంత సక్కని మాట! సార్, వీళ్లు రెండో ఓటుకు వచ్చిండ్రు. వేరేటోళ్ల పేర్ల మీద ఏద్దామని వచ్చిండ్రు. టోపీ లైటు బ్యాటరీల తేజాబు, గదే యాసిడ్, ఉంటది, దాంతోని రుద్దితే ఏ సిరా అయినా పోతది. ఒక్కడు కాదు, గుంపుకు గుంపు ఉన్నది చూడుండ్రి. పట్టుకో పోలీసన్నా!"

పోలీసు వచ్చి ముత్యం అంగీ కాలరు పట్టుకున్నాడు. నేను లేచి అరిచాను. గట్టయ్య నాకు ఎదురు అరిచాడు. అంతే, మాట బయటికి పోయింది. దొంగ ఓటు దొరికిందట అని ఒక జెండా వాళ్లు, మా మనిషిని కొడుతున్నరట అని ఇంకో జెండా వాళ్లు గేటు దగ్గరికి ఉరికారు. కిటికీలోంచి చూస్తే ఒకడి చేతిలో గడ్డపార. ఆడవాళ్ల వరస చెదిరిపోయింది. అందులోంచి ముత్యం భార్య సారవ్వ, చంకలో పిల్లతో, "ఏం జేసిండయ్యా నా మొగడు, ఏం జేసిండు?" అని ఏడుస్తూ గుమ్మం పట్టుకుంది. నాకు నిజంగా భయమేసింది. ఇక్కడ శవం లేస్తుందనుకున్నాను.

ఆఫీసరు గొంతు పీలగా వచ్చింది. "దొంగ ఓటు కేసు అయితే జైలు. ఉద్యోగం కూడా పోతుంది. తెలుసా నీకు?" అన్నాడు ముత్యంతో.

"నేను ఓటుకు రాలే సార్, సిరాకు వచ్చిన" అన్నాడు ముత్యం. పొద్దున అంత పొడుగున్న నోరు ఇప్పుడు ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి అంటోంది.

ఆఫీసరు బావ వైపు తిరిగాడు. "సిరా పెట్టింది మీరే కదా. ఇతనికి పొద్దున పెట్టారా, లేదా?"

బావ నిలబడలేదు. కూర్చునే అన్నాడు.

"పెట్టిన సార్."

అది అబద్ధం కాదు. అందులో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. అక్కడితో నోరు మూసుకుంటే ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. సిరా పెట్టాడు, వీడు కడుక్కున్నాడు, తప్పు వీడిది. చాయ్ గ్లాసులు కడుక్కుంటూ బతుకంతా వెళ్లిపోతుంది. ఇక మాట్లాడకు బావా అని నేను లోపల్లోపల అనుకున్నాను. మా అక్క తమ్ముణ్ణి కదా, ఎట్లా అనుకోను?

"విన్నరు గదా సార్, పెట్టిండట" అన్నాడు గట్టయ్య. పోలీసు ముత్యాన్ని గుమ్మం వైపు లాగాడు. ముత్యం ఒకసారి వెనక్కి తిరిగి బావను చూశాడు. తిట్టలేదు, బతిమాలలేదు. "సదన్నా" అని మాత్రం అన్నాడు. తర్వాత ఎప్పుడో బావ అక్కతో చెప్పాడట. "బండ కూలినప్పుడు నా మొహం గట్లనే ఉండి ఉంటది లస్మీ. నన్ను ఎవడో చెయ్యి పెట్టి గుంజిండు గదా" అని.

స్టూలు కింద పడ్డ చప్పుడయింది. చూస్తే బావ నిలబడి ఉన్నాడు. బల్ల అంచును రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు.

"ఆగుండ్రి సార్. పెట్టిన, గనీ బొగ్గు మీద పెట్టిన. తోలు మీద పెట్టలే."

గదిలో ఎవరికీ ఆ మాట ఎక్కలేదు. ఆయనే మళ్లీ చెప్పాడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి.

"రాత్రి షిఫ్టోళ్ల చేతుల నిండ బొగ్గున్నది సార్. తుడువుమని మీరు చెప్పిండ్రు. తుడుస్తుంటే వాళ్లకు కోపమొచ్చింది, నాకు భయమైంది, తుడుసుడు బంద్ జేసిన. బొగ్గు పోతే దాని మీది సిరా గూడ పోతది గదా. రోజూ గ్లాసులు కడిగేటోన్ని, నాకు ఎరుకుండాలె. తప్పు నాది. వాన్ని ఇడిసిపెట్టుండ్రి, వాని పిల్ల ఏడుస్తుంది."

గట్టయ్య ఊరుకుంటాడా? నన్ను చూపించి, "సార్, ఈ ఏజెంటు ఈయన బావమర్ది. ముత్యం వీళ్ల జెండా మనిషి. అందరు ఒక్కటే, నాటకమాడుతున్నరు" అన్నాడు. ఆఫీసరు మొహంలో అనుమానం కనబడింది. మేం బంధువులమన్నది అబద్ధం కాదు కదా, నేనేం అనను?

బావ బయటికి పోయి, చాయ్ కాచిన పొయ్యి పక్కనుంచి ఒక బొగ్గు పెడ్డ తెచ్చాడు. నలిపి, కుడి చేతి వేలు నిండా పులిమాడు. ఓట్ల డ్యూటీ చేసేవాళ్లు ఓటు పోస్టులో పంపుతారు కాబట్టి ఎడమ చేతి వేలు ఖాళీగానే ఉంది. అక్క సున్నిపిండితో తోమిన శుభ్రమైన వేలు. రెండు వేళ్ల మీదా సిరా గీసి ఆఫీసరు ముందు బల్ల మీద చేతులు పెట్టి నిలబడ్డాడు. సిరా ఆరేదాకా చేతులు అక్కడే పెట్టి ఉంచాడు. బయట గేటు ఊగుతోంది.

కుండ నీళ్లు, సబ్బు తెప్పించారు. ఆఫీసరు తనే నీళ్లు పోశాడు. కుడి వేలు మీది బొగ్గుతోపాటు సిరా నీళ్లలోకి పోయింది. ఎడమ వేలు మీది గీత నల్లగా అట్లాగే ఉంది. గట్టయ్య స్వయంగా ఆ వేలును రుద్ది చూశాడు, తన తుండుతో కూడా రుద్దాడు. తర్వాత పోయి గుమ్మంలో నిలబడి, "ఏం లేదు, దొంగ ఓటు గిట్ల ఏం లేదు, ఇంటికి పోండ్రి" అని వాళ్ల మనుషులకు వాడే చెప్పాడు. ఆ మాట వరకు గట్టయ్య మగాడే, ఒప్పుకుంటాను.

ఓటర్ల లిస్టులో ముత్యం పేరు పక్కన పొద్దున్నే టిక్కు పడి ఉంది. కాలరు వదిలారు. మళ్లీ వచ్చిన వాళ్లందరికీ కడిగిన వేలు మీద బావే సిరా పెట్టాడు. ముత్యం చెయ్యి చాపినప్పుడు ఇద్దరూ తలలెత్తలేదు. డబ్బాలకు సీలు పడింది. ఒక్క తల పగలకుండా ఓట్ల రోజు అయిపోయింది.

పోయేముందు ఆఫీసరు బావను పక్కకు పిలిచాడు.

"జరిగింది నేను రాయకుండా ఉండలేను సదయ్యా. రేపు ఎవరైనా అడిగితే నా మెడకు వస్తుంది. పొద్దున నేనూ చూశాను, నిజమే. కానీ..."

కానీ తరువాత ఏముంటుంది? పెన్ను ఆయన చేతిలో ఉంది. పెన్ను పట్టుకున్నవాడు తన పేరు ఎప్పుడు రాసుకున్నాడు? బావ పేరే రాశాడు. నేను కొట్లాటకు పోబోతే బావే నా చెయ్యి పట్టుకున్నాడు. "పోనియ్యి. ఆయనకు గూడ పిల్లలుంటరు" అన్నాడు.

కాగితం గని మీదికి చేరింది. వెల్‌ఫేర్ ఆఫీసరు మాట తప్పలేదు, అదొక్కటి మాత్రం ఖచ్చితంగా నిలబెట్టుకున్నాడు. వచ్చే సోమవారం నుంచి మొదటి షిఫ్టు, బాయి లోపల, తట్టా చెమ్మస్.

అక్క నెత్తి కొట్టుకుంది. "నువ్వు పెట్టిన అన్నవ్ గదా, అది చాలకపాయెనా? ఆ పొడుగోడు నిన్ను నలుగురిల నవ్వులపాలు జేసె, వాని కోసం బాయిల పడుతవా?" అని ఏడ్చింది, తిట్టింది, అన్నం కూడా వండలేదు. బావ తలుపు తెరిచి గడప మీద కూర్చున్నాడు.

సోమవారం నేను వెంట పోయాను. నిజం చెప్పాలంటే తిరిగి తీసుకొద్దామనే పోయాను. లైటు తీసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు. బాయి నోటి దగ్గర లోపలి గాలి వచ్చి తగిలింది. మనిషి ఆగిపోయాడు. వెనకవాళ్లు పక్కనుంచి దిగిపోతున్నారు. ఆయన మెడ మీద చెమట కారుతోంది. కాళ్లు మడమ తిప్పడం నేను కళ్లారా చూశాను.

పక్కన ముత్యం నిలబడి ఉన్నాడు. ఎవరిని బతిమాలుకున్నాడో, తన షిఫ్టు మార్పించుకుని వచ్చాడు.

"నడువు సదన్నా. నీ ఎనుకనే నేనున్న."

"నాకు భయమైతుందిరా ముత్యం" అన్నాడు బావ. దాచుకోలేదు, గొంతు తగ్గించలేదు.

ముత్యం నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నాకు గూడ అయితదన్నా. రోజూ అయితది. అందరికి అయితది. చెప్పుకోము, గంతే."

బావ అతన్ని తేరిపార చూశాడు. లోకంలో ఆ జబ్బు తన ఒక్కడికే ఉందని ఇన్నేళ్లూ అనుకున్నాడు ఆ పిచ్చిమనిషి. తర్వాత చెయ్యి వెనక్కి చాపాడు. ముత్యం పట్టుకున్నాడు. ఇద్దరూ దిగిపోయారు. నేను ఆ లైట్లు కనబడినంతసేపు అక్కడే నిలబడ్డాను, తర్వాత కాంటీన్ గోడకు ఆనుకుని షిఫ్టు అయ్యేదాకా కూర్చున్నాను. ఆ రోజు నా డ్యూటీ నాగా పోయింది, పోనీ.

పైకి వచ్చినప్పుడు ఎవరు బావో, ఎవరు ముత్యమో ఒక్క నిమిషం నాకు తెలియలేదు. బొగ్గు మొహంతోనే ఇంటికి నడిచాం. అక్క పొద్దుటి నుంచి మాట్లాడలేదు, కానీ వాకిట్లో వేణ్ణీళ్లు కాగి ఉన్నాయి. తనే కూర్చోబెట్టి వీపు తోమింది, చేతులు తోమింది. నల్లటి నీళ్లు వాకిలంతా పారాయి. ఎడమ చెయ్యి దగ్గర ఆగి, చూపుడు వేలు పట్టుకుని మళ్లీ రుద్దింది.

"ఇదేంది, ఇది పోతలేదు?"

"అది పోదు లస్మీ. తోలు మీద పెట్టుకున్నది" అన్నాడు బావ.

అక్క ఆ వేలును వదల్లేదు. తడి చేతుల్తో అట్లాగే పట్టుకుని కూర్చుంది.

"రేపు గూడ పోవాలె" అన్నాడు.

"పోదువు గనీ. ముందు అన్నం తిను" అంది అక్క. ఆ రోజు స్నానం అంతసేపూ తడిక పూర్తిగా మూసే ఉంది. ఆ సంగతి ఇద్దరూ చూసుకోలేదు.